డెత్ ఇన్ ప్యారడైజ్ మూడో సీజన్ మొదటి ఎపిసోడ్: పండగ పూట హీరోని చంపేశారు

ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్‌లో హీరో చచ్చిపోతాడు. దాన్ని స్పాయిలర్ కింద లెక్కెయ్యొద్దు, ఎందుకంటే టైటిల్స్ పడకముందే పోతాడు, పైగా ఇది వచ్చి పదేళ్ళు దాటిపోయింది. చంపిందెవరో మాత్రం చెప్పను, అది తెలిస్తే ఇంక చూడ్డానికి ఏముంటుంది. మొన్న వీకెండ్‌లో జలుబు చేసి దుప్పటి కప్పుకుని పడుకుని, ఏం చూడాలో తోచక పాత సీజన్లు తిరగేస్తుంటే ఇది తగిలింది. ఒక్కటే కదా అని మొదలుపెట్టా, అయిపోయాక లేచి టీ పెట్టుకొచ్చుకుని మళ్ళీ మొదట్నుంచి చూశా. అందుకే ఈ రివ్యూ.

తెలియనివాళ్ళకి సీరియల్ గురించి రెండు ముక్కలు. ఇది బీబీసీ వన్‌లో 2011 అక్టోబర్ నుంచి వస్తోంది, రాబర్ట్ థొరొగుడ్ అనే రచయిత ఐడియా. కరీబియన్ సముద్రంలో సెయింట్ మరీ అని ఒక దీవి, అలాంటి దీవి నిజంగా ఎక్కడా లేదు, కథ కోసం పుట్టించారు. ఒకప్పుడు ఫ్రెంచ్ వాళ్ళ చేతిలో ఉండి ఇప్పుడు బ్రిటన్ కింద ఉంది అన్నమాట, అందుకని అక్కడ హత్య జరిగితే తేల్చడానికి ఇంగ్లాండ్ నుంచి ఒక డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌ని పంపుతారు. వాడికేమో ఎండ పడదు, ఇసక పడదు, సముద్రం పడదు, చేపలు అసలే పడవు. నల్ల సూటు, టై, చేతిలో బ్రీఫ్‌కేసు, ముప్పై రెండు డిగ్రీల ఎండలో మంచి టీ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటుంటాడు. పేరు రిచర్డ్ పూల్, వేసింది బెన్ మిల్లర్. ఊరు క్రాయిడన్.

క్రాయిడన్ అంటే మా ఊరు. అంటే నేనుండేది ఇక్కడే, పదిహేనేళ్ళ నుంచి. సరే, టీవీలో మన ఊరు పేరు వినపడితే ఎవరికైనా ఒక ఇది ఉంటుంది కదా, చీరాల పేరు సినిమాలో వినపడితే మా నాన్న సోఫాలోంచి లేచి నిలబడేవాడు, అలాగే నాకు పూల్ క్రాయిడన్ అన్నప్పుడల్లా వీడు మనోడే అనిపించేది. ఈస్ట్ క్రాయిడన్ స్టేషన్లో పొద్దున్నే ఏడున్నరకి నిలబడితే ఇలాంటి మొహాలు యాభై కనపడతాయి, అదే సూటు, అదే బ్యాగు, అదే విసుగు. వాళ్ళల్లో ఒకణ్ణి పట్టుకెళ్ళి కొబ్బరిచెట్ల కింద పడేస్తే ఎలా ఉంటుందన్నదే మొదటి రెండు సీజన్ల కామెడీ అంతా.

ఇంకోటి, ఈ సీరియల్ ఎప్పుడొస్తుందో కూడా కథలో భాగమే. ఎక్కువ సీజన్లు జనవరి టైమ్‌లో మొదలవుతాయి. క్రిస్మస్ లైట్లు తీసేసి ఉంటారు, సాయంత్రం నాలుగున్నరకి చీకటి పడిపోతుంది, వాన పడదు అలాగని ఆగదు, జీతం డిసెంబర్‌లోనే అయిపోయి ఉంటుంది. అప్పుడు టీవీ పెట్టగానే ఆ నీలం నీళ్ళు, ఆ పసుపు గోడలు, ఆ డప్పుల మ్యూజిక్కు. హత్య ఎవరు చేశారన్నది తర్వాత సంగతి, ముందు గది కాస్త వెచ్చబడినట్టు ఉంటుంది. మాకైతే ఆ ఏడాది బాయిలర్ కూడా పాడై ఓనర్ పది రోజులు తిప్పించాడు కాబట్టి నిజంగానే ఇదే మా హీటరు.

ఇప్పుడు అసలు ఎపిసోడ్. 2014 జనవరి 14, మంగళవారం రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. డేట్ ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే ఆ రోజు సంక్రాంతి, మా పాప పుట్టి ఇరవై రెండో రోజు. అమ్మ చీరాల నుంచి పురిటికి వచ్చింది. వచ్చినదగ్గర్నుంచి ఇల్లు ఆవిడ చేతిలోనే, చెవుల్లో దూది పెట్టుకో, తలకి గుడ్డ కట్టుకో, వెల్లుల్లి కారంతోనే తిను, చల్లనీళ్ళు ముట్టకు, బాలింతరాలు టీవీ చూస్తే కళ్ళు లాగేస్తాయి అని రిమోట్ తీసి బియ్యం డబ్బా మీద పెట్టేసింది. ఆ రోజు పండగ కదా, అరిసెలు వండుదామంటే తడిపిండి పట్టించే దారి లేక, మిక్సీలో వేసి జల్లించి ఏదో అయిందనిపించి, అవి బిళ్ళల్లా గట్టిపడి, ఆ కోపంలో ఉంది. నేను పాపకి పాలు పడుతూ, ఒక్క గంటమ్మా, రెండు సీజన్లు చూశాను, ఇప్పుడిది వదల్లేను అని బతిమాలా. సరేలే చెవుల్లో దూది తియ్యకు అని టీవీ పెట్టి, తనేదో చూడనట్టు నిట్టూరుస్తూ పక్కనే కూర్చుంది.

మొదటి సీన్ ఇదీ. పూల్ యూనివర్సిటీలో చదువుకున్నప్పటి పాత స్నేహితులు అందరూ కలుద్దామని దీవికి వచ్చారు, ఒక పెద్ద బంగళాలో దిగారు, పూల్‌ని కూడా పిలిచారు. పూల్‌కి ఇలాంటివి నచ్చవు, పార్టీ అంటేనే మొహం చిట్లించే మనిషి. అయినా వెళ్ళాడు. సూటు వేసుకునే వెళ్ళాడు.

అమ్మ అడిగింది, "ఇదేందే, ఎండలో కోటేసుకుని కూర్చున్నాడు ఇతను?"

"అతనేమ్మా హీరో. ఎప్పుడూ అంతే."

ఐస్ పిక్ అంటే ఐసు గడ్డ పగలగొట్టే సూది లాంటిది, దాంతో పొడిచేశారు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. టైటిల్స్ మ్యూజిక్ మొదలైంది. నేను పాపని ఎత్తుకుని అలాగే ఉండిపోయా.

"హీరో అన్నావు కదే, పోయాడుగా!" అంది అమ్మ. కాసేపాగి, "పండగ పూట శవాన్ని చూపిస్తారేందే వీళ్ళు, బుద్ధి లేదూ" అంది. ఇంకాసేపాగి నా మొహం చూసి, "వస్తాడులే మళ్ళీ. మన సీరియల్లో ఆవిడ లోయలో పడి రాలేదా, మొహం మార్చుకుని. వీడూ వస్తాడు" అంది, ఓదార్పుగా.

రాడు కదా. ఈ ఎపిసోడ్ దమ్ము అక్కడే ఉంది. మనకి అలవాటైన సీరియల్స్‌లో హీరో చావు అంటే వంద ఎపిసోడ్ల పెట్టుబడి, నెల రోజులు ఏడుపులు, చివరికి ఆస్పత్రిలో కట్టు విప్పితే వేరే యాక్టర్ మొహం. ఇక్కడేమో హీరో చనిపోయాడు, పోలీసులు వచ్చారు, శవం చుట్టూ గీత గీశారు, అది కూడా ఒక కేసే. పదహారు ఎపిసోడ్లు వేరేవాళ్ళ హత్యలు తేల్చిన మనిషి చావు కూడా ఆ బోర్డు మీద ఫోటోలా అతుక్కోవాల్సిందే. చూస్తుంటే కాస్త క్రూరంగానే ఉంటుంది. కానీ డిటెక్టివ్ కథకి ఇంతకంటే న్యాయమైన చావు ఇంకోటి లేదని ఇప్పుడు మళ్ళీ చూస్తే అనిపించింది. ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోయాడని ఒక డైలాగుతో సరిపెట్టొచ్చు, తర్వాత వచ్చినవాళ్ళని చాలామందిని అలాగే సాగనంపారు కూడా. పూల్‌ని మాత్రం కేసు చేసి పంపారు.

బయట కారణం అందరికీ తెలిసిందే, బెన్ మిల్లర్ తనంతట తనే మానుకున్నాడు. ఇదంతా స్టూడియోలో తీసేది కాదు, నిజంగానే కరీబియన్‌లో తీస్తారు, ఏడాదిలో దాదాపు ఆరు నెలలు అక్కడే ఉండాలి. ఇంటినీ చిన్నపిల్లాడినీ వదిలేసి అన్ని నెలలు ఉండలేనన్నాడు. ఈ ముక్క తర్వాతెప్పుడో చదివా. ఆ రోజు రాత్రి మాత్రం, ఒళ్ళో ఇరవై రెండు రోజుల పిల్ల, మా ఆయనేమో వారానికి నాలుగు రోజులు లీడ్స్‌లో ప్రాజెక్టు అని తిరుగుతుండేవాడు, తెలియకుండానే సరైన ఇంట్లో కూర్చుని చూశానన్నమాట.

ఇక కమీల్, పూల్‌తో కలిసి పనిచేసే దీవి పోలీసు డిటెక్టివ్. సారా మార్టిన్స్ వేసింది. పూల్‌కి జోడీ అనలేం, అసిస్టెంట్ అనలేం, రెండు సీజన్లు ఇద్దరూ కొట్టుకుంటూనే ఉంటారు, వీడు రూల్ అంటాడు ఆవిడ మనిషి అంటుంది, చూసేవాళ్ళకి మాత్రం వీళ్ళిద్దరికీ ఏదో ఉందని తెలుసు, వాళ్ళకే తెలియదు, తెలిసినా చెప్పుకోరు. చెప్పుకోకుండానే పోయాడు. ఈ ఎపిసోడ్ బరువంతా ఆవిడే మోస్తుంది. గుండెలు బాదుకోవడాలు లేవు, మాట మధ్యలో ఆగిపోవడం, చూపు పక్కకి తిప్పేసుకోవడం, అంతే. ఇంకా కోపం. కొత్తగా వచ్చినవాడి మీద కోపం, వాడేం చేశాడని కాదు, వీడు కానందుకు. ఆ కోపం నాకు బాగా నచ్చింది, చావు జరిగిన ఇంట్లో ఇలాగే ఉంటుంది, పరామర్శకి వచ్చినవాడు చెప్పు తప్పుగా విడిచినా అరుస్తాం.

కొత్తవాడు హంఫ్రీ గుడ్‌మన్, వేసింది క్రిస్ మార్షల్. పూల్ ఎంత ఇస్త్రీయో వీడంత నలుగుడు. నోట్ బుక్ ఉండదు, ఏ చిత్తుకాగితం దొరికితే దాని మీద రాసుకుంటాడు, తర్వాత ఆ కాగితం ఎక్కడ పెట్టాడో వాడికే తెలియదు. కేసు చూడ్డానికి వచ్చి కిటికీలోంచి బయటికి పడిపోతాడు. నిజంగానే పడిపోతాడు. ఒక మనిషి చచ్చిన ఇంట్లో ఈ సర్కస్ ఏంటి అని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది, అమ్మేమో ఫక్కుమని నవ్వింది. ఇప్పుడు చూస్తే అర్థమైంది, వాళ్ళకి వేరే దారి లేదు. ఏడుస్తున్న ఇంట్లోకి ఇంకో గంభీరమైన మొహాన్ని తెస్తే రెండో రోజుకి అందరూ చానెల్ మార్చేస్తారు. వీడు పడ్డాడు కాబట్టి మనం క్షమించాం. పైగా వాడిదీ ఒక ఏడుపుంది, వెనకాలే వస్తుందనుకున్న పెళ్ళాం రాదు, వదిలేస్తున్నానని చెప్పేస్తుంది. అది బయటపడ్డాకే కమీల్ కాస్త మెత్తబడుతుంది. ఇద్దరికీ ఇద్దరూ పోగొట్టుకున్నవాళ్ళే అని ఎవరూ నోటితో చెప్పరు, చెప్పకపోవడమే బాగుంది.

మధ్యలో హ్యారీ. పూల్ ఉండే బీచ్ గుడిసెలో ఒక ఆకుపచ్చ బల్లి ఉంటుంది, దాని పేరు హ్యారీ, కంప్యూటర్లో చేసిన బల్లి. ఏ ఇన్‌స్పెక్టర్ వచ్చినా ఆ గుడిసెలోనే దిగుతాడు, హ్యారీ మాత్రం మారదు. అమ్మకి కథలో అందరికంటే ముందు నచ్చింది ఇదే. కాకపోతే ఇది బల్లి కాదు తొండ అని వాదించింది, తలకాయ చూడవే, బల్లికి అట్టుంటదా అని. మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో చూడాలంటే ముందు బల్లో తొండో తేలాలి కదా అని నేనంటే, ఎగతాళా, ఆ కోటాయన మీద ఎప్పుడన్నా పడే ఉంటది, అందుకే ఇట్టయింది అని తేల్చేసింది. కేసు పదిహేనో నిమిషంలో క్లోజ్.

మిస్టరీగా ఎలా ఉంది అంటే, మధ్యరకం. ఈ సీరియల్ ఫార్ములా ఎప్పుడూ ఒకటే, టైటిల్స్‌కి ముందు శవం, ఆ తర్వాత నలుగురైదుగురు అనుమానితులు, ప్రతివాళ్ళకీ కారణం ఉంటుంది కానీ ఎవరికీ చేసే వీలుండదు, తెల్ల బోర్డు మీద ఫోటోలు, ఏదో సంబంధం లేని చిన్న విషయం చూసి ఇన్‌స్పెక్టర్ బుర్రలో లైటు వెలగడం, అందర్నీ ఒకచోట పోగేసి కథ చెప్పడం, చివర కమీల్ వాళ్ళమ్మ కేథరిన్ బార్‌లో మందు. మా ఇంట్లో అయితే యాభయ్యో నిమిషం దాకా ఎవరి పేరూ ఖాయం చెయ్యకూడదని రూలు. ఇక్కడ అనుమానితులు ఆ పాత స్నేహితులే, తాళం కూడా ఆ పాత పరిచయంలోనే ఉంది, అంతవరకే చెప్తా. ముగింపు తెలిశాక మొదటి సీన్ మళ్ళీ చూస్తే పూల్ మొహంలో ఏదో కనపడుతుంది, రెండోసారి చూసింది అందుకే. కానీ మనం ఊహించగలిగింది సగమే, మిగతా సగం హంఫ్రీ చెప్తే వినాల్సిందే, అది నాకు కొంచెం మోసంగా అనిపించింది. ఈ సీరియల్‌లో ఇంతకంటే పకడ్బందీ కేసులు ఉన్నాయి, మొట్టమొదటి ఎపిసోడే తీసుకోండి, ఇనప తలుపు వేసిన ప్యానిక్ రూమ్‌లో పోలీసాయన శవం, అది చూసి రాత్రి నిద్రపోకుండా ఆలోచించా. ఇది అలా కాదు. మార్కులు వెయ్యమంటే మిస్టరీకి అయిదుకి మూడు, వీడ్కోలుకి నాలుగున్నర.

అమ్మ మాత్రం ఉన్నవాళ్ళందర్నీ ఒకరి తర్వాత ఒకరిగా అనుమానించి, చివరికి హంతకుడో హంతకురాలో దొరికాక, నేను ముందే చెప్పలా అంది. చెప్పింది, నిజమే. అందరి పేర్లూ చెప్పింది.

ఒక్క కంప్లయింట్ గట్టిగా చెప్పాలి. టైమ్. ఒక గంటలో చావు, దుఃఖం, కొత్త మనిషి, కేసు, పరిష్కారం, బార్‌లో మందు, అన్నీ కుక్కేశారు. డ్వేన్, ఫిడెల్ పాపం రెండేళ్ళు ఆయన కింద పనిచేసినవాళ్ళు, వాళ్ళకి ఏడవడానికి సరిగ్గా ఒక నిమిషం కూడా ఇవ్వలేదనిపించింది. డ్వేన్ అంటే డానీ జాన్-జూల్స్, ఎప్పుడూ జోకులేసే మనిషి, అలాంటివాడు మాట పడిపోయి ఉంటే ఎలా ఉంటుందో ఇంకాస్త చూపించాల్సింది. కమిషనర్ సెల్విన్ పాటర్సన్ సంగతి సరేసరి, డాన్ వారింగ్టన్ ఒక్క కనుబొమ్మ లేపితే అయిదు డైలాగులతో సమానం కాబట్టి ఆయనకి టైమ్ అక్కర్లేదు.

ఇప్పుడు దీవి గురించి, ఎందుకంటే దీవి లేకపోతే ఈ సీరియల్ లేదు. తీసేది గ్వాడెలూప్‌లో, అది ఫ్రాన్స్‌లో భాగం, అక్కడ ఖర్చుపెట్టేది యూరోలే. సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద దీవులు పక్కపక్కన, ఎడమ రెక్క బాస్-టెర్, దాని వాయవ్యంలో డెషే అని చిన్న రేవు ఊరు, అదే సీరియల్‌లో సెయింట్ మరీలో ఉండే ఆనరే పట్నం. పోలీస్ స్టేషన్ అని చూపించేది నిజానికి చర్చి వాళ్ళ బిల్డింగు. కేథరిన్ బార్ తీసిన హోటల్ పేరు ఏంటో తెలుసా, లె మద్రాస్. ఆ పేరు చూసి నేను ఉలిక్కిపడ్డా, కానీ అక్కడివాళ్ళకి మద్రాస్ అంటే ముందు గుర్తొచ్చేది ఊరు కాదు, గుడ్డ. ఎరుపు, పసుపు, పచ్చ గళ్ళ గుడ్డ, ఆడవాళ్ళు తలకి చుట్టుకుంటారు, పండగలకి కట్టే బట్టల్లో అదే ముఖ్యం.

ఇది కూడా అమ్మే పట్టుకుంది. ఏ ఎపిసోడో గుర్తులేదు, ఆ మూడు నెలల్లో వరసపెట్టి చూశాం. వెనకాల సంతలో నడుస్తున్న ఒకావిడ తలగుడ్డ చూసి, "ఆపు ఆపు, ఆ గళ్ళు మనయ్యే" అంది. మా అమ్మమ్మా వాళ్ళది మగ్గాల ఇల్లు, చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ళ రుమాళ్ళు ఒకప్పుడు మద్రాసు రుమాళ్ళ పేరుతోనే ఓడలెక్కి ఆఫ్రికా దాకా వెళ్ళేవి. నూనె, బూడిద కలిపి నూలు నానబెట్టే వాసన తనకి ఇంకా ముక్కులో ఉందంటుంది అమ్మ. టీవీలో ఆవిడ కట్టుకున్నది మన నేతే అని నేను రాసివ్వలేను, ఇప్పుడు అవన్నీ మిల్లు గుడ్డలు కూడా అయ్యుండొచ్చు. కానీ అమ్మ టీవీ దగ్గరికెళ్ళి, ఆపిన బొమ్మ మీద వేలు పెట్టి, ఇక్కడ రెండు ఎర్రపోగులు, ఇక్కడొక పసుపు అని లెక్కపెట్టింది. నా కథలో అయితే హంతకుణ్ణి పట్టుకునేది ఇలాంటివాళ్ళే.

ఇంకో సంగతి, గుడ్డ ఒక్కటే కాదు మనుషులు కూడా వెళ్ళారు. 1848లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటల్లో పనికి జనం కావాల్సొచ్చి మన దేశం నుంచి కూలీలని ఒప్పందం మీద ఓడల్లో తీసుకెళ్ళారు. మొదటి ఓడ ఒరేలీ, 1854 క్రిస్మస్ టైమ్‌కి చేరింది. తర్వాతి ముప్పై, ముప్పై అయిదేళ్ళలో నలభై వేల పైన వెళ్ళారు, పాండిచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి చాలామంది, ఎక్కువగా తమిళులు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ ఇప్పటికీ కాపెస్టెర్ దగ్గర షాంజీ గుడి ఉంది. వాళ్ళకి పౌరసత్వం కోసం హెన్రీ సిదంబరం అనే ఆయన దాదాపు ఇరవై ఏళ్ళు కోర్టుల్లో కొట్లాడి 1923లో గెలిచాడు. అక్కడ ఇంటింటా వండే కూర పేరు కొలంబో, మేకమాంసంతోనో కోడితోనో చేస్తారు, పసుపు, ధనియాలు, ఆవాలు, జీలకర్ర, మెంతులు నూరిన పొడి. మన కూరపొడే, ఊరు మారింది. అలాంటి ఊళ్ళో ఏళ్ళ తరబడి సీరియల్ తీస్తూ, నేను చూసినంతవరకు ఆ మనుషుల కథ ఒక్కటి కూడా చెప్పుకోదగ్గట్టు తెర మీదికి రాలేదు. టూరిస్టులు, బంగళాల వాళ్ళు, రమ్ము ఫ్యాక్టరీ ఓనర్లు చస్తూనే ఉంటారు, చెరుకు కొట్టినవాళ్ళ మనవళ్ళు మాత్రం అనుమానితులుగా కూడా పనికిరాలేదు.

అక్కడికే ఇంకో పాత గొడవ. దీవిలో నల్లజాతి పోలీసులు ఇంతమంది తెలివైనవాళ్ళు ఉండగా ప్రతిసారీ ఇంగ్లాండ్ నుంచి ఒక తెల్లాయన దిగి, వీళ్ళకి తోచనిది తనే తేల్చడం ఏంటని చాలామంది అడిగారు, న్యాయమే. ఈ ఎపిసోడ్‌లో అది ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది, కమీల్‌కి పూల్ గురించి హంఫ్రీ కంటే వందరెట్లు తెలుసు, అయినా చివర అందర్నీ కూర్చోబెట్టి కథ చెప్పేది ఆవిడ కాదు. ఆ ఒక్క ఎపిసోడ్‌కన్నా ఆవిడ చేత చెప్పించి ఉంటే ఇది సీరియల్ మొత్తంలో నంబర్ వన్ అయ్యేదని నా అభిప్రాయం. హంఫ్రీ తర్వాత ఆర్డల్ ఓ'హాన్లన్, ఆయన తర్వాత రాల్ఫ్ లిటిల్, ఇలా మారుతూ మారుతూ 2024 క్రిస్మస్ స్పెషల్‌కి గానీ డాన్ గిలెట్ రాలేదు, ఈ ఉద్యోగంలో మొదటి నల్లజాతి ఇన్‌స్పెక్టర్ ఆయనే. హంఫ్రీకేమో విడిగా ఇంకో సీరియలే ఇచ్చేశారు, బియాండ్ ప్యారడైజ్ అని, 2023 నుంచి వస్తోంది, అందులో కూడా ఎక్కడో ఒకచోట పడుతూనే ఉన్నాడు.

చూడాలనుకుంటే నేరుగా ఈ ఎపిసోడ్‌కి దూకొద్దు. పూల్‌ని పదహారు ఎపిసోడ్లు భరించాక పోతేనే పోయినట్టు ఉంటుంది, లేకపోతే ఎవడో సూటువాడు చచ్చాడు, అంతే. పిల్లలతో కూర్చుని చూడొచ్చు, రక్తం ఉండదు, బూతులు ఉండవు. యాసలు రకరకాలు, ఇంగ్లీషు, ఫ్రెంచి, కరీబియన్, అన్నీ కలిసిపోతాయి, సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మేలు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, నేను చెప్తూ ఉండేదాన్ని, చాలాసార్లు నేను చెప్పేలోపే ఆవిడకి అర్థమైపోయేది, తప్పుగానో ఒప్పుగానో.

అమ్మ ఏప్రిల్‌లో వెళ్ళిపోయింది. రిమోట్ మళ్ళీ సోఫా మీదికి వచ్చింది. తర్వాత ఏళ్ళలో ఫోన్ చేసినప్పుడల్లా ఆ కోటాయన మళ్ళీ వచ్చాడా అని అడిగేది, మొదట్లో నిజంగానే, తర్వాత జోక్‌గా. రాడమ్మా, పోయాడు, పొడిచేశారు, నువ్వు చూశావుగా అనేదాన్ని.

2021లో పదో సీజన్ వచ్చింది, మేం ఇక్కడ లాక్‌డౌన్‌లో ఉన్నాం, అమ్మ చీరాలలో. కమీల్ చాలా ఏళ్ళ తర్వాత దీవికి తిరిగొచ్చింది, తల్లి ఆస్పత్రిలో ఉందని. తల్లి ఆస్పత్రిలో ఉంటే వెళ్ళగలిగిన కూతుర్ని ఆ నెలల్లో చూడ్డం అదో రకంగా ఉంది, సరే. ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ మనసులోకి పూల్ వస్తాడు. బెన్ మిల్లరే. దెయ్యం కాదు, బతికి రావడం కాదు, ఆవిడ తలుచుకుంటే పక్కన కూర్చుని మాట్లాడతాడు, కాసేపే. ఇక్కడ రాత్రి పది, అక్కడ తెల్లవారుజామున మూడున్నర, పొద్దున్న దాకా ఆగుదాం అనుకుని ఆగలేక మెసేజ్ పెట్టా. ఆవిడ మెలకువగానే ఉంది, వెంటనే వీడియో కాల్ చేసింది, దుప్పట్లోంచి సగం మొహం.

"చెప్పలా, వస్తాడని."

"నిజంగా రాలేదమ్మా, ఊరికే తలుచుకుంది."

"అదే, వచ్చాడా లేదా." కాసేపాగి, "ఇంకా ఆ కోటేనా?"

"అదే కోటమ్మా."